భారంతో చెప్పిన మనవి

శుక్రవారం ఉపవాస ప్రార్థనలో కరుణాకుమారి నోరు తెరిచి మాట్లాడటం అరుదు. ఆమె పని రాయడం. పదకొండు గంటలకు ఆడవాళ్ళంతా మగ్దలీనమ్మ వరండాలో చాపల మీద కూర్చున్నాక, "మనవులు చెప్పండమ్మా" అని మగ్దలీనమ్మ అడుగుతుంది. ఒకరికి కొడుకు ఉద్యోగం, ఒకరికి గర్భఫలం, ఒకరికి గుంటలో రొయ్యలకు తెగులు. కరుణ ఒక్కొక్కటే నోటుపుస్తకంలో గుండ్రటి అక్షరాలతో రాసుకుంటుంది. తర్వాత ఆ వరసలోనే మగ్దలీనమ్మ ప్రార్థిస్తుంది.

ఆ శుక్రవారం అందరూ చెప్పడం అయిపోయింది. కరుణ పెన్ను మూత పెట్టలేదు.

"నాదొక మనవి ఉండాది పెద్దమ్మా," అంది.

మగ్దలీనమ్మ కళ్ళజోడు పైకి తోసుకుంది. "చెప్పమ్మే. నువ్వడగడమే గొప్ప."

"మన సంఘంలో ఒకామెకు జబ్బుండాది. ఎవరికీ తెలీదు. నలభై దినాలుగా నా మనసులో భారంగా ఉండాది."

"ఎవరికి?"

"పేరెందుకులే పెద్దమ్మా."

ఆ మాట అంటున్నప్పుడే కరుణకు తెలుసు, పేరు అడిగించుకోవడానికే అంటున్నానని.

"పేరు లేకుండా ఎట్ట ప్రార్థన చేస్తామే? దేవుడికి తెలుసులే, మనకు భారం రావొద్దా?"

కరుణ తల వంచుకుంది. "అబిగయీలుకి," అంది. "పోయిన నెల సరుగుడు తోట దోవలో కింద పడి కొట్టుకునింది. నోట్లో నురగ. కళ్ళు పైకి పోయినాయి. నేనే పట్టుకున్నా."

చెబుతుంటే కన్నీళ్ళు వచ్చాయి. అవి దొంగ కన్నీళ్ళు కావు. ఆ రోజు ఆమె నిజంగానే భయపడింది. కానీ ఆ కన్నీళ్ళ కింద ఇంకొకటి ఉంది. ఎండన పడి వచ్చి చల్లటి నీళ్ళు తాగినప్పుడు గొంతులో దిగే హాయి లాంటిది. అందరి మొహాలూ తన వైపే తిరిగి ఉన్నాయి. అబిగయీలు పేరు వినగానే చెంప మీద చెయ్యేసుకున్న వాళ్ళు కొందరు, ఒకరి మొహం ఒకరు చూసుకున్న వాళ్ళు కొందరు.

పుస్తకంలో కరుణ ఆ మనవిని తన చేత్తోనే రాసుకుంది. అక్షరాలు ఎప్పటిలాగే గుండ్రంగా వచ్చాయి.

అబిగయీలు సముద్రం ఒడ్డున ఉన్న ఆ పాలెంలో పుట్టిన పిల్ల కాదు. బుచ్చిరెడ్డిపాలెం నుంచి రెండేళ్ళ క్రితం కోడలిగా వచ్చింది. భర్త సుశీల్ కుమార్ రొయ్యల వ్యాను నడుపుతాడు. గుంటల్లో రొయ్యల పట్టుబడులు మొదలైతే వారం పది దినాలు ఇంటికి రాడు. అత్త కామాక్షమ్మ రొయ్యల కంపెనీలో పనికి పోతుంది. బాప్తిస్మం పెద్ద వయసులో తీసుకున్నా, పేరు మార్చుకోకుండా పాత పేరుతోనే ఉండిపోయిన మనిషి.

అబిగయీలు రాక ముందు ఆదివారపు బడి పిల్లలు కరుణ చేతి కింద ఉండేవాళ్ళు. నాలుగేళ్ళు ఆమే పాటలు నేర్పింది, కంఠతా వాక్యాలు అప్పజెప్పించుకుంది. పిల్లలు బుద్ధిగా కూర్చునేవాళ్ళు, సరిగ్గా అప్పజెప్పేవాళ్ళు. అబిగయీలు వచ్చాక పిల్లలు నవ్వడం మొదలుపెట్టారు. ఆమె పాడుతూ చేతులు ఆడిస్తుంది, ఏనుగులా నడుస్తుంది, ఓడలా ఊగుతుంది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక కావలి నుంచి వచ్చే పాస్టరు క్రీస్తుదాసు గారు, "అమ్మా కరుణా, ఇకనుంచి పాటలు అబిగయీలు చూసుకుంటాదిలే. నువ్వు హాజరు పుస్తకం చూడు, నీ రాత బాగుంటాది," అన్నారు. ఆయన మెచ్చుకుంటూనే అన్నారు. కరుణ "అట్టనే అయ్యగారూ" అంది. హాజరు వేస్తూ కూర్చుంది. లోపల ఏదో చిన్న ముల్లు దిగినట్టు అనిపిస్తే, అలసట అనుకుంది.

సరుగుడు తోట దోవలో అబిగయీలు పడిపోయిన రోజు ఇద్దరూ బోగోలు నుంచి వస్తున్నారు. తెలివి వచ్చాక ఆమె మొదట చేసిన పని, నోరు తుడుచుకుని కరుణ చెయ్యి పట్టుకోవడం.

"ఎవురికీ చెప్పొద్దక్కా. మా ఆయనకు తెలుసు. అత్తకు తెలీదు. పదో తరగతిలో ఫిట్స్ వచ్చినాయి. పొద్దున ఒక మాత్ర, రాత్రొక మాత్ర. నాలుగేండ్లయింది మళ్ళా రాక. మొన్న మా అమ్మోళ్ళింట్లో మాత్రలు మర్చిపోయి వచ్చినా. రెండు దినాలు వేసుకోలా. అందుకే."

"చెప్పన్లే," అంది కరుణ. ఆ రోజు చెప్పకూడదనే అనుకుంది.

వరండాలో ఆమె నురగ సంగతి చెప్పింది, కళ్ళు పైకి పోయిన సంగతి చెప్పింది. నాలుగేళ్ళు రాలేదన్నది చెప్పలేదు. రెండు రోజులు మాత్ర మానిన సంగతి చెప్పలేదు.

మాట ఆ సాయంత్రానికే కామాక్షమ్మకు చేరింది. ఆమె కోడలిని తిట్టలేదు, కొట్టలేదు. దెయ్యం పట్టిందేమోనని భయపడింది. ఆదివారం పాస్టరుగారు బండెక్కి వెళ్ళిపోయాక మగ్దలీనమ్మ దగ్గరకు పోయి కూర్చుని ఏడ్చింది. సోమ, మంగళ, బుధ మూడు రోజులు ఉపవాసం, బుధవారం మధ్యాహ్నం కామాక్షమ్మ ఇంట్లోనే అందరూ చేరి దురాత్మను గద్దించి ప్రార్థించడం అని నిర్ణయమైంది. ఆ మూడు రోజులూ మాత్రలు పక్కన పెట్టాలి. మందు మీద ఒక కాలు, దేవుడి మీద ఒక కాలు పెడితే విడుదల రాదని మగ్దలీనమ్మ అంది. అబిగయీలు తన నాలుగేళ్ళ సంగతీ, మర్చిపోయిన మాత్రల సంగతీ చెప్పింది. "పట్టినది అట్టనే చెప్పిస్తాది," అన్నారు.

మగ్దలీనమ్మ చెడ్డది కాదు. కరుణ తల్లి మంచాన పడ్డ ఏడాది, పక్కబట్టలు ఉతికింది ఆమే. అందుకే ఆమె ముందు నోరెత్తడం ఎవరికీ రాదు.

సోమవారం కరుణ పాస్టరుగారికి చేద్దామని రెండుసార్లు ఫోన్ తీసింది. ఆయన మొదట అడిగేది, ఈ సంగతి ఎట్ట బయటికొచ్చింది అని. రెండుసార్లూ పెట్టేసింది.

మంగళవారం పొద్దున కొబ్బరినీళ్ళు తీసుకుని అబిగయీలు ఇంటికి పోయింది. కామాక్షమ్మ పనిలోకి పోయి ఉంది. అబిగయీలు గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పెదవులు ఎండిపోయాయి. కుడిచేతి వేళ్ళు ఉండుండి సన్నగా అదురుతున్నాయి. కరుణ చూపు అక్కడ పడగానే ఆమె ఆ చేతిని చీర కొంగు కింద దాచుకుంది.

"రా అక్కా. ఉపవాసంలో కొబ్బరినీళ్ళు తాగొచ్చా?"

"తాగొచ్చులే."

"పెద్దమ్మను అడిగినావా?"

"అడగలా."

అబిగయీలు నవ్వింది. రెండు గుక్కలు తాగి గ్లాసు కింద పెట్టింది. కరుణ ఆమె మొహం వైపు చూడలేక ఆ గ్లాసు వైపు చూస్తూ ఉంది.

"నాకు నీ మీద కోపం వచ్చింది అక్కా," అంది అబిగయీలు. "శనివారమంతా ఏడ్చినా. తర్వాత అనుకున్నా, అక్క చెడ్డ మనసుతో చెప్పే మనిషి కాదు. నా కోసం ఏడ్చినావంట గదా. ప్రార్థన కోసమే చెప్పినావు. అంతే గదా?"

కరుణ గ్లాసును గోడ వైపు జరిపింది.

"అంతే," అంది.

"మాత్రలు మానిన సంగతి కూడా చెప్పుంటే బాగుండేది. మర్చిపోయినావేమో."

"మర్చిపోయినా."

ఈసారి ఏ హాయీ లేదు. రెండు మాటలు, రెండు అబద్ధాలు. చెప్పడానికి ఊపిరి పీల్చుకున్నంత సేపు కూడా పట్టలేదు. శుక్రవారం నాటిది ఆలోచించి చేసింది. ఇవి ఆలోచించకుండానే వచ్చాయి. ఒకసారి తలుపు తీసి పాపాన్ని లోపలికి రానిచ్చాక, అది ఇక తలుపు తట్టదని ఆమెకు అప్పుడు తెలిసింది.

"రేపు నువ్వు చెప్పక్కా," అంది అబిగయీలు. "నేను చెప్తే వినరు. నువ్వు చూసినదానివి. నువ్వు ఊరకే మాట్లాడే మనిషివి కాదని అందురికీ తెలుసు. నాకు భయమేస్తాంది. నిన్న సాయంత్రం చెయ్యి దానంతట అదే ఎగిరింది. మళ్ళా వస్తే, అత్త ముందు వస్తే, ఇంక నేను ఎంత చెప్పినా దెయ్యమనే అంటారు. మా ఆయన గురువారం గానీ రాడు."

"చెప్తాలే," అంది కరుణ.

ఇంటికి పోయి మోకాళ్ళ మీద కూర్చుంది. ప్రార్థన రాలేదు. 'ప్రభువా, నన్ను క్షమించు' దాకా వచ్చి ఆగిపోతుంది. దేనికని క్షమించాలో పేరు పెట్టి చెప్పబోతే మాట పక్కకు జారుతుంది: తొందరపాటు, నోటి దురుసు, తెలిసీ తెలియక. ఒక్కటీ నిజం కాదు. చివరికి ఒక ఆలోచన వచ్చింది. రేపు మర్చిపోయానని చెప్పి ఆ ఒక్క మాటా కలిపితే చాలు. అబిగయీలు మాత్రలు అబిగయీలుకు దక్కుతాయి. తన పరువు తనకుంటుంది. ఆ ఆలోచన ఎంత నెమ్మదినిచ్చిందంటే, అది దేవుడిచ్చిందే అనుకుంది.

బుధవారం మధ్యాహ్నం కామాక్షమ్మ ఇంటి ముందుగదిలో పదిహేను మంది దాకా చేరారు. కిటికీలోంచి సముద్రపు గాలి ఉప్పుగా కొడుతోంది. మధ్యలో చాప మీద అబిగయీలు. పక్కన గిన్నెలో, ప్రార్థించి నుదుట రాయడానికి కొబ్బరినూనె. గుమ్మం పక్కన ముసలి పెంచలమ్మ కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఆమె సంఘంలో చేరిన మనిషి కాదు. మోకాళ్ళ నొప్పులకు ప్రార్థన చేయించుకోవడానికి ఏడాదిగా ప్రతి కూటానికీ వస్తుంది.

"ముందు మన మనసులు సరిచేసుకుందాం," అంది మగ్దలీనమ్మ. "మనలో పాపం పెట్టుకుని దురాత్మను పొమ్మంటే పోదు. ఒక్కొక్కరే ఒప్పుకోండి."

ఒక్కొక్కరే ఒప్పుకున్నారు. తెలిసీ తెలియక చేసిన తప్పులు ప్రభువా. మాటల్లో, తలంపుల్లో చేసిన తప్పులు ప్రభువా. అందరూ అవే మాటలు. ఎన్నో ఏళ్ళుగా కరుణ కూడా ఆ మాటలే అంది. వాటి వెనక ఎంత పెద్ద మనిషైనా హాయిగా దాక్కోవచ్చు.

ఆమె వంతు వచ్చింది.

"పెద్దమ్మా, నేనొక మాట మర్చిపోయినా. ఆ దినం అబిగయీలు రెండు దినాలుగా మాత్రలు వేసుకోలేదంట. అంతకు ముందు నాలుగేండ్లు ఏమీ రాలేదంట. ఆ దినమే నాకు చెప్పింది."

మగ్దలీనమ్మ ఆమె వైపు జాలిగా చూసింది.

"ఇన్ని దినాలు గుర్తురాలేదా అమ్మే?"

"రాలేదు."

"ఇప్పుడు, ప్రార్థన మొదలయ్యే గడియకే గుర్తొచ్చిందా? ఎవరు గుర్తుచేసినారో ఆలోచించుకో. ప్రార్థన ఆపాలని ఎవరికుంటాది? శుక్రవారం నీకు ఏడుపొచ్చిందే, అది దేవుడు పెట్టిన భారం. ఇది వేరే."

నాలుగైదు గొంతులు "అవును, స్తోత్రం" అన్నాయి. మగ్దలీనమ్మ నూనె గిన్నె చేతిలోకి తీసుకుంది. అబిగయీలు కరుణ వైపు చూసింది. కొంగు కింద చెయ్యి ఒకసారి ఎగిరి ఆగింది. కామాక్షమ్మ అది చూసి, "ప్రభువా, ప్రభువా," అని గట్టిగా అరిచి కళ్ళు మూసుకుంది.

సగం నిజం చెప్పి బయటపడవచ్చు అనుకున్న దోవ అక్కడితో మూసుకుపోయింది. శుక్రవారపు కన్నీళ్ళు దేవుడివే అని అందరూ నమ్మినంత కాలం, ఆ కన్నీళ్ళతో చెప్పినదే సత్యం. వాటిని తానే చెరపాలి.

"మర్చిపోలేదు," అంది కరుణ.

గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"నేను మర్చిపోలేదు పెద్దమ్మా. శుక్రవారం కూడా గుర్తుండింది. కావాలనే వదిలేసినా. అది చెప్తే అబిగయీలుది ఉత్త జబ్బే అయిపోతాది. చెప్పకపోతే మీరందరూ ఏమనుకుంటారో నాకు తెలుసు."

"ఏందిమే నువ్వు మాట్లాడేది?"

"నాకు ఆమె అంటే అసూయ. పిల్లలు నన్నొదిలేసి ఆమె దగ్గరికి పోయినారని. అయ్యగారు నాకు హాజరు పుస్తకం ఇచ్చినారని. నాకే భారమూ లేదు పెద్దమ్మా. ఉన్నది అదే. ఆమె పేరు చెప్తా ఉంటే నాకు బాగుండింది. మీరందరూ నా వైపు చూస్తా ఉంటే బాగుండింది. నిన్న ఆమె అడిగితే మళ్ళా అబద్ధం చెప్పినా. ఇప్పుడు మీకూ చెప్పినా. దురాత్మ ఈ ఇంట్లో ఉండాదంటే అది ఆమెలో లేదు. మనవి అని పేరు పెట్టుకుని నా నోట్లో కూర్చోనుండాది. ఆ నూనె నాకు రాయండి."

ఎవరూ స్తోత్రం అనలేదు. బయట ఎవరిదో మోటారు బండి ఇసుకలో కూరుకుపోయి రొద చేస్తోంది. మగ్దలీనమ్మ చేతిలో గిన్నె అట్టాగే ఉంది. కరుణ అబిగయీలు వైపు చూడలేదు. చూసే ధైర్యం లేదు.

గుమ్మం దగ్గర్నించి పెంచలమ్మ అంది:

"నాకొకటి అర్థం కాలా. ఏడాది నుంచి నా మోకాళ్ళకు ప్రార్థన చేస్తుండారు గదా. బిళ్ళలు మింగొద్దని నాకెప్పుడూ చెప్పలేదే?"

"నువ్వుండవ్వా," అన్నారు ఎవరో.

"ఏంది ఉండేది? మగ్దలీనమ్మా, పొద్దున షుగరు బిళ్ళ ఏసుకున్నావా లేదా? నిజం చెప్పు. ఉపవాసమని మానినావా?"

ఎవరో కిసుక్కున నవ్వి నోరు మూసుకున్నారు. మగ్దలీనమ్మ మొహం ఎర్రబడింది. 

"ఏసుకున్నా," అంది చివరికి, నూనె గిన్నె కింద పెడుతూ.

కామాక్షమ్మ కళ్ళు తెరిచింది. మిగిలిన వాళ్ళెవరూ అక్కడ లేనట్టు కోడలినే అడిగింది.

"నాలుగేండ్లు రాలేదా?"

"రాలేదత్తా."

"బిళ్ళ ఏసుకుంటే రాదా?"

"రాదత్తా. మానితేనే."

"నాకు ముందే ఎందుకు చెప్పలేదే?"

అబిగయీలు గదిలో ఉన్న పదిహేను మందినీ ఒకసారి చూసింది. కామాక్షమ్మకు అర్థమైంది. లేచి లోపలికి పోయి, బియ్యం డ్రమ్ము వెనక దాచిన మాత్రల అట్ట తెచ్చింది. చెంబులో నీళ్ళు తనే పట్టుకుని, కోడలు మింగేదాకా నిలబడింది. తర్వాత ఆటో పిలిచి కావలి తీసుకుపోయారు. డాక్టరు కేకలేసి, మాత్రలు ఒక్క పూట కూడా ఆపొద్దని రాసి పంపాడు. మళ్ళీ ఫిట్స్ రాలేదు.

ఆటో ఎక్కేముందు కరుణ చెప్పులు తెచ్చి అబిగయీలు కాళ్ళ దగ్గర పెట్టింది. అబిగయీలు వాటిలోకి కాళ్ళు దూర్చుకుంది.

"నిన్న నేను అడిగినప్పుడు చెప్పుండొచ్చు," అంది. "ఇద్దరమే ఉండాం గదా. ఎంత సులభంగా చెప్పుండొచ్చు."

"నన్ను..."

"ఇప్పుడేమీ అడగొద్దక్కా. నేను క్షమిస్తానని నాకు తెలుసు. ఎప్పుడో తెలీదు."

ఐదు వారాలు గడిచాయి. కరుణ శుక్రవారం కూటానికి పోతూనే ఉంది. పోకపోవడం సులభం, అందుకే పోయింది. కొందరు ఆమె పక్కన కూర్చోవడం మానేశారు. నోటుపుస్తకం ఇప్పుడు ఇంకొకరు రాస్తున్నారు. ఒకసారి దారిలో పాస్టరుగారు ఆగి, జరిగింది విన్నానన్నారు. ఆ హాజరు పుస్తకం మాట అలా అనకుండా ఉండాల్సింది అని కూడా అన్నారు. అది తన తప్పును తేలిక చేసుకోవడానికి పనికొచ్చే మాట. కరుణ దాన్ని తీసుకోలేదు.

ఆరో ఆదివారం పొద్దున మగ్దలీనమ్మ ఆమె ఇంటికి వచ్చింది. ఆమె కూడా ఈ మధ్య కాస్త చిక్కింది.

"వచ్చే నెల కావలిలో స్త్రీల మహాసభ. రెండు వేల మంది వస్తారు. నువ్వు సాక్ష్యం చెప్పాలమ్మే. అట్ట ఒప్పుకోవడం నా జన్మలో చూడలా. ఎంతమంది మారతారో!"

కరుణకు పెద్ద పందిరి కనిపించింది. మైకు, ముందు వరసల్లో కొంగులతో కళ్ళు తుడుచుకుంటున్న ఆడవాళ్ళు. అందరి మొహాలూ తన వైపే. గొంతులో చల్లగా ఏదో దిగబోయింది. దాన్ని ఆమె గుర్తుపట్టింది. ఒక మంచి పని వేషం వేసుకుని మళ్ళీ వచ్చింది అది. ఈసారి తలుపు దగ్గరే ఉంది, ఇంకా లోపలికి రాలేదు.

"చెప్పను పెద్దమ్మా."

"పేరు చెప్పొద్దులే. ఒక సహోదరి అను."

"ఒక సహోదరి అంటే ఎవరని అడుగుతారు. నా తప్పు చెప్పాలంటే ఆమె జబ్బు చెప్పాల. అది నాది కాదు, చెప్పేదానికి."

"దేవుడికి మహిమ గదమ్మే?"

"దేవుడికా, నాకా అని తెలియట్లా. తెలియనప్పుడు ఊరుకుంటా."

మగ్దలీనమ్మ కొంచెం సేపు ఆమె మొహం చూసి, మంచినీళ్ళు అడిగి తాగి వెళ్ళిపోయింది. నొచ్చుకుందో లేదో కరుణకు తెలియలేదు.

ఆమె హాజరు పుస్తకం తీసుకుని మందిరానికి నడిచింది. దూరం నుంచే పాట వినిపించింది. అబిగయీలు పిల్లల మధ్య ఓడలా అటూ ఇటూ ఊగుతోంది. పిల్లలు ఒకరి మీద ఒకరు పడి నవ్వుతున్నారు. ఆ నవ్వు విన్నప్పుడు కరుణ లోపల ముల్లు మళ్ళీ కదిలింది. ఐదు వారాల ఏడుపు తర్వాత కూడా అది చావలేదు. ఆమె మెట్ల దగ్గర ఆగింది. అలసట అనుకోలేదు. 'ప్రభువా, ఇది అసూయ,' అంది మనసులో. 'ఇది భారం కాదు. ఇది చిన్నగా ఉన్నప్పుడే నాకు చూపించు, పెరగనివ్వకు.'

అబిగయీలు తలెత్తి చూసింది. నవ్వలేదు, మొహం తిప్పుకోలేదు. పాట ఆపకుండానే, గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉన్న పిల్లను భుజం పట్టుకుని పక్కకు జరిపింది. కరుణ చెప్పులు విడిచి లోపలికి పోయి, వెనక వరసలో చిన్న పిల్లల పక్కన కూర్చుంది.